రాత్రికో వీడియో కాల్, సంచిలో రెండు పవర్ బ్యాంకులు

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. ఈ అక్టోబరులో నేపాల్‌లో అన్నపూర్ణ సర్క్యూట్ నడవబోతున్నాం. నేను, తమ్ముడు, ఇద్దరు కొలీగ్స్. ధారాపానీ దగ్గర మొదలుపెట్టి, థొరాంగ్ లా కనుమ దాటి, ముక్తినాథ్ మీదుగా జోమ్‌సోమ్ దాకా పది రోజుల నడక. గైడును, ఇద్దరు పోర్టర్లను మాట్లాడుకున్నాం. తమ్ముడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్. వాడు పంపిన లిస్టులో ఫోన్లు కాక రెండు పవర్ బ్యాంకులు, యాక్షన్ కెమెరా, డ్రోన్, స్పీకరు, సోలార్ ప్యానెల్, కిండిల్, వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు, అమెరికాలో ఉన్న మా పెదనాన్నగారబ్బాయి తెస్తానన్న శాటిలైట్ మెసెంజరు ఉన్నాయి. మావారేమో "అసలు ఫోనే వద్దు, పది రోజులు ప్రశాంతంగా నడిచి రా" అంటున్నారు. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది. రోజూ రాత్రి వీడియోలో ముఖం చూపించకపోతే ముద్ద దిగదంటోంది. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ ఉత్తరం చదివిన సాయంత్రమే ఒక పని చేశాను. మీ తమ్ముడి లిస్టులో నా దగ్గరున్నవీ, మా మేనల్లుడి దగ్గర అరువు దొరికినవీ ఒక సంచిలో వేసుకుని, మా సత్యనారాయణపురంలో వీధి చివరి కిరాణా కొట్టుకి వెళ్లాను. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులు రెండు, యాక్షన్ కెమెరా, దాని కర్ర, స్పేర్ బ్యాటరీలు, బ్లూటూత్ స్పీకరు, కిండిల్, చార్జర్లు, వైర్ల చుట్ట. కందిపప్పు తూచే కాటా మీద పెడితే రెండు కిలోల నూటయాభై గ్రాములు చూపించింది. డ్రోను, సోలార్ ప్యానెల్ కలపకుండానే. కొట్టాయన "ఏంటి మాస్టారూ, సెల్ షాపు పెడుతున్నారా?" అన్నాడు.

గుంటూరులో రెండు కిలోలు ఒక లెక్క కాదు. థొరాంగ్ లా ఎత్తు 5,416 మీటర్లు. అక్కడ మనకు అందే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో దాదాపు సగం. పది అడుగులు వేసి కర్ర మీద వాలి ఆగుతాం, మళ్లీ పది అడుగులు. అప్పుడు భుజం మీద ఏముందో ఒక్కొక్కటీ పేరుపేరునా గుర్తొస్తుంది. పోర్టర్లు ఉన్నారు కదా అంటారేమో. వాళ్లదీ వీపే. పైగా పోర్టరు మనకంటే ముందే వెళ్లిపోతాడు, లేదా టీ తాగుతూ వెనక ఉండిపోతాడు. అతని మూటలో ఉన్న వస్తువు దారిలో మీ చేతికి రాదు. కాబట్టి దారిలో పనికొచ్చేది ఏదైనా మీరే మోయాలి.

ముందు శాటిలైట్ మెసెంజరు సంగతి. దీనికి నా జవాబు వద్దు అని కాదు, కుదరదు అని. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లుగానీ, శాటిలైట్ ద్వారా మెసేజులు పంపే పరికరాలుగానీ దగ్గర ఉంచుకోవడం నేరం. 2008 ముంబయి దాడుల తర్వాత ఈ విషయంలో గట్టిగా ఉంటున్నారు. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఇలాంటి చిన్న పరికరంతో దొరికిన విదేశీ ప్రయాణికుల మీద కేసులు పెట్టారు.  మీరు వాడేది నేపాల్‌లోనే కావచ్చు, కానీ మీ పెదనాన్నగారబ్బాయి దాన్ని దింపేది ఇండియాలో, మీరు దాంతో విమానం ఎక్కేదీ ఇక్కడే. అతను పెట్టెలో సర్దకముందే ఫోన్ చేసి వద్దని చెప్పండి. ఈ ఒక్క పని మాత్రం ఈ వారమే చేయండి.

డ్రోన్ కూడా అంతే. నేపాల్‌లో దాన్ని ఎగరేయాలంటే అనుమతులు కావాలి. అన్నపూర్ణ ప్రాంతం సంరక్షిత ప్రాంతం కాబట్టి అక్కడి వాళ్ల అనుమతి విడిగా తీసుకోవాలి. అవన్నీ చేయించుకునే ఓపిక మీ తమ్ముడికి ఉంటే చేయించుకోమనండి, మోసేది కూడా అతనే. సోలార్ ప్యానెల్ సంచికి వేలాడదీసుకుని నడిస్తే ఫొటోలో బాగుంటుంది. కానీ దాని ముఖం ఎండకేసి నిలకడగా ఉండదు. లోయలో పొద్దున చాలాసేపటిదాకా ఎండే పడదు. సాయంత్రానికి అనుకున్నంత చార్జి ఎక్కదు. ఇక స్పీకరంటారా, కొండల్లో పాటలు మోగించేవాళ్లని చూస్తే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. ఈ విషయంలో నా దగ్గర నిష్పక్షపాతం ఆశించకండి.

లిస్టులో లేనిదీ, అన్నిటికంటే ముందు ఉండాల్సిందీ ఒకటుంది. తలకు కట్టుకునే టార్చి. కనుమ దాటే రోజు తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే బయల్దేరతారు, ఎందుకంటే పొద్దెక్కేకొద్దీ పైన గాలి పెరుగుతుంది. ఆ చీకట్లో రెండు చేతుల్లో రెండు కర్రలుంటాయి. ఫోన్ టార్చి ఏ చేత్తో పట్టుకుంటారు? మనిషికొకటి కొనండి, స్పేర్ సెల్స్‌తో సహా. లిథియం సెల్స్ వేసుకునే రకమైతే చలికి బాగా తట్టుకుంటాయి.

ఆక్సీమీటరు గురించి. చలికి వేళ్లు కొయ్యలైపోయినప్పుడు అది తప్పు అంకె చూపిస్తుంది. నాలుగు వేల మీటర్ల పైన ఎనభైల్లో అంకె కనిపించడం మామూలే. కింద గుంటూరులో అదే అంకె చూస్తే ఆస్పత్రికి పరిగెత్తుతాం. ఆ రెండూ కలిసి మనుషుల్ని రెండు రకాలుగా పాడుచేస్తాయి. బాగున్నవాళ్లకి అంకె చూసి టెన్షన్. తలనొప్పితో వాంతులు చేసుకుంటున్నవాళ్లకి "88 ఉంది కదా, ఏం కాదు" అన్న ధైర్యం. ఈ రెండోదే ప్రమాదం. తలనొప్పి, వాంతి, అడుగు తడబడటం, వీటిని మించిన మీటరు లేదు. అడుగు తడబడితే రాత్రయినా సరే కిందికి దించాలి. మనాంగ్ ఊళ్లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల క్లినిక్కు ఉంది. సీజన్లో ఎత్తు జబ్బు గురించి రోజూ మధ్యాహ్నం పూట చెబుతారు. అక్కడ మీకు ఎలాగూ ఒక రోజు విశ్రాంతి ఉంటుంది, నలుగురూ వెళ్లి కూర్చోండి. మీటరు మాత్రం ఇంట్లో ఉంచేయండి.

కిండిల్ తీసుకెళ్లండి. ఇది విని మీ తమ్ముడు ఆశ్చర్యపోవచ్చు. ఆరింటికే చీకటి పడుతుంది, ఏడింటికి భోజనం అయిపోతుంది, ఎనిమిదింటికి అందరూ దుప్పట్లో ఉంటారు. నిద్ర మాత్రం రాదు, ఎత్తులో నిద్ర అంతే. ఒకసారి చార్జ్ చేస్తే పది రోజులూ వస్తుంది. పేకముక్కలు కూడా పెట్టుకోండి, వాటికి చార్జింగే అక్కర్లేదు.

ఇప్పుడు మీవారి మాట. ఆయన అన్నదాంట్లో నాకు నచ్చిన ముక్క ఉంది. కాలేజీ వాట్సాప్ గ్రూపులు, పేరెంట్స్ ఫోన్లు లేని పది రోజులు మీకు కావాలని ఆయన కోరుకుంటున్నారు. గైడు దగ్గర ఫోన్ ఎలాగూ ఉంటుంది కదా అన్నది కూడా ఆయన వైపు వాదనే. అయినా నేను ఒప్పుకోను. దానికి కారణం విశాఖపట్నంలో ఉంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టింది. ఆ రోజుల్లో ఇక్కడ మనమంతా అక్కడి చుట్టాల ఫోన్లు కలవక అల్లాడిపోయాం. తర్వాత తుఫాను బలహీనపడిందని చెప్పారు, మనం మర్చిపోయాం. ఆ మిగిలిన మబ్బే ఉత్తరానికి పోయి, రెండు రోజుల తర్వాత, 14వ తేదీన, మీరు నడవబోయే ఆ చుట్టుపక్కల మంచు తుఫానై పడింది. థొరాంగ్ లా దాటుతున్నవాళ్లు చాలామంది అందులో చిక్కుకున్నారు. ఆ ప్రాంతంలో మొత్తం 40 మందికి పైగా చనిపోయారు, ట్రెక్కర్లూ, గైడ్లూ, పోర్టర్లూ, ఊరివాళ్లూ. వాళ్లలో చాలామందికి ముందే హెచ్చరిక అందలేదు. మీరు వెళ్లేదీ అక్టోబరే, బంగాళాఖాతంలో తుఫాన్ల నెల. వాయుగుండం వార్త వస్తే మిర్చి వేసిన రైతు ఎలా చెవి పెట్టి వింటాడో, కొండ మీద మీరూ అలాగే వినాలి. మనాంగ్‌లో ఒకసారి, కనుమ కింద ఆఖరి మజిలీకి ముందు ఇంకోసారి వాతావరణం చూసుకోవాలి. గైడు చూస్తాడు, నిజమే. కానీ "రేపు ఆగుదాం" అని మీకు అనిపించినప్పుడు, ఆ మాట అనడానికి మీ దగ్గర కూడా సమాచారం ఉండాలి.

కాబట్టి ఫోన్ వెళ్తుంది. కాలేజీ గ్రూపులు వెళ్లక్కర్లేదు. బయల్దేరేముందు ఆఫీసు వాట్సాప్‌ని ఫోన్లోంచి తీసేయండి, వచ్చాక మళ్లీ వేసుకోవచ్చు. ఫోన్‌ని అక్కడ మ్యాపుగా, కెమెరాగా వాడండి. ధారాపానీ నుంచే ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. బ్యాటరీని ఎక్కువ తినేది సిగ్నల్ లేనిచోట సిగ్నల్ కోసం ఫోన్ చేసే వెతుకులాటే. జీపీఎస్‌కి సిగ్నల్ అక్కర్లేదు, అది ఉపగ్రహాల నుంచి నేరుగా తీసుకుంటుంది. గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో నడక దారి చెప్పదు. ఆర్గానిక్ మ్యాప్స్ లాంటిది ఇంట్లో వైఫై ఉండగానే దింపుకోండి, అందులో కాలిబాటలు, లాడ్జీలు కూడా కనిపిస్తాయి. ఒక ఆదివారం కొండవీడు వెళ్లి, ఘాట్ రోడ్డు కాకుండా పాత కాలిబాటన పైనున్న చెరువుల దాకా దాన్ని చూసుకుంటూ నడవండి. పొద్దున్నించీ ఫ్లైట్ మోడ్‌లోనే ఉంచి, ఫొటోలు తీస్తూ, సాయంత్రానికి ఎంత శాతం దిగిందో కాగితం మీద రాసుకోండి. మీ ఫోన్ లెక్క మీకు తెలిసిపోతుంది.

పవర్ బ్యాంకు లెక్క కూడా చెబుతాను, చాలామంది ఇక్కడే పొరబడతారు. డబ్బా మీద 20,000 అని ఉంటుంది. అది లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర. ఫోన్‌కి ఇచ్చేటప్పుడు 5 వోల్టులకు పెంచాలి, మధ్యలో కొంత వేడిగా పోతుంది. మన చేతికొచ్చేది 12, 13 వేలు. 5,000 బ్యాటరీ ఫోన్‌కి రెండున్నర నుంచి మూడుసార్లు. ఫ్లైట్ మోడ్‌లో వాడే మనిషికి పది రోజులకు అది సరిపోతుంది. లాడ్జీల్లోనూ చార్జింగ్ దొరుకుతుంది, పైకి వెళ్లేకొద్దీ డబ్బులు అడుగుతారు. నలుగురికీ కలిపి రెండు చాలు. రెండూ మీ తమ్ముడి సంచిలోనే ఉండకుండా చూసుకోండి. గన్నవరంలో విమానం ఎక్కేటప్పుడు వాటిని చెకిన్ పెట్టెలో వేయకండి, చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్ అవర్ల దాకా ఇబ్బంది లేదు, 20,000 ఎంఏహెచ్ అంటే, 3.7 వోల్టుల లెక్కన, 74 మాత్రమే. అంకెలు చెరిగిపోయిన పాతది మాత్రం తీసుకెళ్లకండి.

చలి గురించి మనకు ఇక్కడ రిహార్సల్ చేసే వీలు లేదు, గుంటూరు ఎండలో ఏం చేస్తాం. నా అనుభవం చెబుతాను. మొదటిసారి 2017లో వెళ్లాను, రప్తీసాగర్ ఎక్కి గోరఖ్‌పూర్, అక్కణ్నుంచి సోనౌలీ సరిహద్దు. కనుమ కింది మజిలీ థొరాంగ్ ఫేదీలో తెల్లవారుజామున నాలుగింటికి గది బయట నిలబడి మ్యాపు చూద్దామని జేబులోంచి ఫోన్ తీశాను. 31 శాతం. చూస్తుండగానే తెర నల్లబడింది. నొక్కాను, రాలేదు. రాత్రంతా కిటికీ గట్టు మీద పెట్టాను దాన్ని, గాజుకి లోపలి వైపే మంచు పేరుకున్న కిటికీ. మా గైడు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, తన చొక్కా లోపల చంకలో పెట్టుకుని టీ తాగడం మొదలుపెట్టాడు. పావుగంట తర్వాత ఇచ్చాడు. ఆన్ అయింది, 29 శాతం. చలికి బ్యాటరీ లోపలి రసాయనం మందగిస్తుంది, చార్జ్ ఎక్కడికీ పోదు. అప్పటి నుంచి రాత్రిళ్లు ఫోన్, పవర్ బ్యాంకు రెండూ సాక్సులో దూర్చి స్లీపింగ్ బ్యాగులో నా కాళ్ల దగ్గర పెట్టుకుంటున్నాను. ఇంకోటి, గడ్డకట్టేంత చల్లగా ఉన్న ఫోన్‌ని వెంటనే చార్జింగ్ పెట్టకండి, బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. ముందు ఒంటికి ఆనించి వెచ్చబెట్టండి.

యాక్షన్ కెమెరా మీ తమ్ముడి సరదా, అతనే మోసుకుంటాడు, వదిలేయండి. ఫోన్‌పే అలవాటు మాత్రం మర్చిపోండి. నేపాలీ నోట్లు కింద ఉన్నప్పుడే పది రోజులకు సరిపడా తీసుకోండి. అక్కడ సిమ్ కొంటే నేపాల్ టెలికాందే తీసుకోండి, లోపలి ఊళ్లలో దాని సిగ్నలే ఎక్కువ దొరుకుతుంది. పాస్‌పోర్టు జిరాక్సు, ఒక ఫొటో దగ్గర పెట్టుకోండి.

అసలు సంగతి అమ్మగారిది. తమ్ముడి లిస్టు సగం ఆవిడ కోసమే తయారైందని నా అనుమానం. రోజూ రాత్రి ముఖం చూపించాలంటే సిగ్నల్ కావాలి, సిగ్నల్ కావాలంటే ఫోన్ ఆన్‌లో ఉండాలి, దానికి పవర్ బ్యాంకు, దానికి సోలారు, ఇవేవీ లేకపోతే శాటిలైటు. ఆ ఒక్క మాట ఇచ్చేశారంటే సంచి దానంతటదే బరువెక్కుతుంది.

నేను ఇచ్చాను ఆ మాట, 2017లో, మా ఆవిడకి. "రోజూ ఏడింటికల్లా ఫోన్ చేస్తా" అన్నాను. మూడు రోజులు చేశాను. నాలుగో రోజు పిసాంగ్ దగ్గర సిగ్నల్ పోయింది. అన్నం చల్లారిపోతుంటే వదిలేసి, ఫోన్ పైకెత్తి పట్టుకుని, చీకట్లో ఊరి పైన గుట్ట ఎక్కాను. వేళ్లు తిమ్మిరెక్కాయి, ఒక్క గీత కూడా రాలేదు. ఆ మర్నాడూ అంతే. ఇక్కడ విజయవాడలో మా ఆవిడ ఏడు నుంచి ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంది. రెండో రాత్రికి మా బావమరిది వచ్చాడు, వదినగారు వచ్చారు, పక్కింటివాళ్లు వచ్చారు. ఎవరో టీవీ పెట్టి నేపాల్ వార్తలు వెతికారు. మూడో రోజు మధ్యాహ్నం మనాంగ్ నుంచి నేను హుషారుగా ఫోన్ చేసి "ఇక్కడ యాపిల్స్ ఎంత బాగున్నాయో" అన్నాను. అటు నుంచి కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత బావమరిది లైన్లోకి వచ్చి "బావగారూ, ముందు అక్కయ్యకి సారీ చెప్పండి" అన్నాడు.

ఫోన్ రాకపోవడం వల్ల వాళ్లు అంత భయపడలేదు. వస్తుందని చెప్పాను కాబట్టి భయపడ్డారు.

మీరు తెనాలి వెళ్లి అమ్మగారి పక్కన కూర్చుని ఒక కాగితం రాయండి. వాట్సాప్‌లో పంపకండి, కాగితమే. ఏ తేదీన ఏ ఊళ్లో ఉంటారో, ఏ రోజు ఫోన్ వస్తుందో, ఏ రోజు రాదో. చామే నుంచి ఒకటి, మనాంగ్ నుంచి ఒకటి, ముక్తినాథ్ చేరాక ఒకటి, జోమ్‌సోమ్ నుంచి ఇంకోటి, అంతే. వీడియో కాదు, మాట చాలు, అదీ కుదరకపోతే "చేరాం" అని మెసేజ్. ప్రతి తేదీకీ పక్కన ఒక రోజు గడువు రాయండి, మర్నాడు సాయంత్రం దాకా ఆగమని. అప్పటికీ రాకపోతే చేయాల్సిన నంబరు, మీ గైడును పంపిన ఏజెన్సీది, కింద పెద్ద అంకెలతో. ముందు మీవారు చేయాలి, అమ్మగారు కాదు, అది కూడా రాయండి. ముక్తినాథ్ పేరు దగ్గర ఆవిడ ఆగుతారు చూడండి. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి, కూతురు నడిచి వెళ్తోంది. తులసిమాల ఏదైనా వేయించమంటారు, గోత్రనామాలు చెప్పమంటారు. అవి కూడా అదే కాగితం మీద రాసుకోండి. పది రోజులూ ఎదురుచూపులు కాకుండా ఆవిడకీ ఈ ప్రయాణంలో ఒక పని ఉంటుంది.

రెండోసారి వెళ్లినప్పుడు మా ఆవిడకి అలాంటి కాగితమే రాసిచ్చాను. వంటింట్లో క్యాలెండరుకి గుచ్చి, రోజుకో టిక్కు పెట్టుకుంది. ఫోన్ రాని రోజుల్లో హాయిగా నిద్రపోయిందట. మనాంగ్ దాటాక యాక్ ఖర్కా అనే మజిలీలో అనుకోకుండా సిగ్నల్ దొరికి, సంతోషపడతారు కదా అని, కాగితంలో లేని రోజున ఫోన్ చేశాను.

"ఇవాళ చేయాల్సిన రోజు కాదే. ఏమైందండీ, నిజం చెప్పండి" అంది. నమ్మించడానికి పది నిమిషాలు పట్టింది, బ్యాటరీ ఆరు శాతం దిగింది.